హైదరాబాద్ ఫుట్‌బాల్: ఆటగాళ్ళుగా మొదలై కోచ్‌లైనవారు

నిర్వచనం, పరిధి

మైదానంలో ఆటగాడిగా పేరు తెచ్చుకుని, ఆట మానాక అదే ఆటకు శిక్షకులైనవారి వృత్తి జీవితం ఈ వ్యాస విషయం. తెలుగు నేల మీద ఫుట్‌బాల్‌లో ఈ కోవకు చెందినవారు దాదాపు అందరూ హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాలవారే. వీరి కాలం 1940లలో మొదలవుతుంది. 1950-1962 మధ్య భారత జట్టు ఆసియాలో అగ్రస్థానానికి చేరినప్పుడు ఆ జట్టును నడిపింది ఒక హైదరాబాదీ బడిపంతులు. ఆ తర్వాతి తరంవారు కలకత్తా, గోవా, జంషెడ్‌పూర్, ఢాకా జట్లను తీర్చిదిద్దారు.

వృత్తి ఆటగాడు అంటే క్లబ్బుతో ఒప్పందం చేసుకుని, ఆట మీద వచ్చే జీతంతో ఇల్లు నడుపుకునేవాడు. ఐరోపాలో ఈ పద్ధతి పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచే ఉంది. మన దేశంలో మాత్రం చాలాకాలం ఆటగాడు పోలీసు శాఖలోనో, రైల్వేలోనో, బ్యాంకులోనో ఉద్యోగి. జీతం ఉద్యోగానిది, ఆట ఆ ఉద్యోగంలో ఒక భాగం. కాబట్టి హైదరాబాద్ కోచ్‌లలో మూడు రకాలు కనిపిస్తాయి: బడిలో వ్యాయామం నేర్పుతూ కోచ్ అయినవారు, ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి ఆడి తర్వాత శిక్షణలోకి వచ్చినవారు, ఉద్యోగం జోలికి పోకుండా ఆటనే నమ్ముకున్నవారు. మూడో రకంవారు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది.

నేపథ్యం: కంటోన్మెంటు, పోలీసు జట్టు

సికింద్రాబాద్ కంటోన్మెంటులో బ్రిటిష్ రెజిమెంట్లు ఆడే ఆటను చూసి బొల్లారం, తిరుమలగిరి, అమ్ముగూడ చుట్టుపక్కల కుర్రాళ్ళు ఫుట్‌బాల్ పట్టుకున్నారు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, తమిళం మాట్లాడే రెజిమెంటు ఉద్యోగుల కుటుంబాలు, పాతబస్తీ ముస్లిం కుటుంబాలు ఈ ఆటకు తొలి ఆటగాళ్ళను ఇచ్చాయి. తెలుగు పల్లెల నుంచి వచ్చినవారు తక్కువ. దక్కన్‌లో ఫుట్‌బాల్ మొదటి నుంచీ నగరపు ఆట.

1939లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఏర్పడింది. బాగా ఆడే కుర్రాడిని కానిస్టేబుల్‌గా తీసుకుని, విధుల్లో సడలింపు ఇచ్చి, సాధన చేయించడం ఈ జట్టు పద్ధతి. పేదింటి కుర్రాడికి ఇది ఆట, అన్నం రెండూ దొరికే దారి. తొలి రోజుల్లో నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్ శిక్షణ ఇచ్చారు. ఆయన వేసిన పునాది మీద తర్వాత సయ్యద్ అబ్దుల్ రహీమ్ కట్టడం లేపారు.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909-1963)

భారత ఫుట్‌బాల్‌లో శిక్షకుడు అనగానే మొదట వచ్చే పేరు రహీమ్‌ది. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టుకు ఆడారు, తర్వాత స్థానిక క్లబ్బులకు ఆడారు. కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాక బడి ఆటల బాధ్యత కూడా ఆయనకే వచ్చింది. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. జట్టు కోచ్, లీగ్ నిర్వాహకుడు, పిల్లల ఎంపికదారు అన్నీ ఒక్కరే కావడం వల్ల తాను అనుకున్నది నగరంలోని ప్రతి గ్రౌండులోనూ అమలు చేయించగలిగారు. ఇన్ని బాధ్యతలు ఒక్క చేతిలో ఉండడం సంస్థకు మంచిది కాదు. అయితే ఆ ఇరవై ఏళ్ళలో ఫలితం మాత్రం కళ్ళముందే ఉంది.

శిక్షణ పద్ధతి

అప్పటి భారత ఆటగాళ్ళు బంతిని కాలి దగ్గరే పెట్టుకుని, ఇద్దరు ముగ్గురిని తప్పించుకుపోవడాన్ని గొప్పగా భావించేవారు. రహీమ్ దీన్ని మాన్పించడానికి ఉపన్యాసాలు ఇవ్వలేదు. పోటీల నియమాలే మార్చేశారు. డ్రిబ్లింగ్ నిషిద్ధమైన టోర్నమెంట్లు పెట్టారు. బంతి అందుకున్నవాడు వెంటనే ఇంకొకరికి అందించాలి. కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితోనే ఆడాల్సిన పోటీలు కూడా నడిపారు. ఆట అలవాటు నియమంతోనే మారుతుందన్నది ఆయన నమ్మకం. ఈనాడు ఐరోపా అకాడమీల్లో పిల్లలకు ఇలాంటి షరతులతో కూడిన చిన్న ఆటలే ఆడిస్తున్నారు.

వ్యూహం విషయంలో ఆయన ప్రపంచంలో జరిగేదాన్ని గమనిస్తూ ఉండేవారు. 1953లో వెంబ్లీలో హంగరీ జట్టు ఇంగ్లండును 6-3తో ఓడించినప్పుడు, ఆ జట్టు సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి జరిగి ఆడిన తీరు ప్రపంచమంతా చర్చకు వచ్చింది. ఆ తరహా ఏర్పాటును రహీమ్ ఇక్కడ వాడారు. ఆ తర్వాత నలుగురు డిఫెండర్లు, ఇద్దరు హాఫ్‌లు, నలుగురు ఫార్వర్డ్‌లతో 4-2-4 అమరికను భారత జట్టుకు అలవాటు చేశారు. 1958 ప్రపంచ కప్పును బ్రెజిల్ గెలిచింది ఈ అమరికతోనే.

ఎంపికలో ఆయన కన్ను ఎంత దూరం చూసేదో చెప్పడానికి తులసీదాస్ బలరామ్ ఉదంతం చాలు. సికింద్రాబాద్ అమ్ముగూడలోని పేద కుటుంబానికి చెందిన బలరామ్ ఆట చూసి, హైదరాబాద్ వచ్చి సాధన చేయమన్నారు. అంత దూరం రోజూ వచ్చే స్తోమత ఆ కుర్రాడికి లేదు. సైకిల్ అద్దెకు తెచ్చుకోమని రహీమే డబ్బులు ఇచ్చారు. అదే బలరామ్ 1956, 1960 ఒలింపిక్స్‌లో, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టుకు ఆడారు. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు.

సిటీ పోలీస్ విజయాలు

1950లో రహీమ్ సిటీ పోలీస్ శిక్షణ బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును ఈ జట్టు గెలిచింది. 1950లోనూ 1954లోనూ డ్యూరాండ్ కప్పు కూడా హైదరాబాద్‌కే వచ్చింది. కలకత్తా క్లబ్బులదే ఆట అనుకునే రోజుల్లో, కానిస్టేబుళ్ళ జట్టొకటి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్‌లకు సమఉజ్జీ అయింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58లలో వరసగా గెలిచింది.

జాతీయ జట్టు

రహీమ్ 1951 ఢిల్లీ ఆసియా క్రీడల నుంచి భారత జట్టు కోచ్. ఆ పోటీల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో ఘోర పరాజయం ఎదురైంది. చలిదేశంలో, తడిసిన పచ్చిక మీద మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తర్వాతే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేశాడు. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో, కాంస్య పోరులో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో తిరిగివచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ ఆసియా ఖండపు గొప్ప ఫలితాల్లో ఇదొకటి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ వంటి హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకుంది.

1962 జకార్తా ఆసియా క్రీడలు రహీమ్ జీవితానికి శిఖరం. అప్పటికే ఆయనకు క్యాన్సర్. ఇజ్రాయెల్, తైవాన్‌లను పోటీలకు రానివ్వకపోవడం మీద భారత అధికారి గురుదత్ సోంధీ చేసిన వ్యాఖ్యలతో స్థానికులు భారత బృందం మీద మండిపడుతున్నారు. మైదానంలోనూ, బయటా ఎగతాళి అరుపులే. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. తర్వాత థాయిలాండ్, జపాన్‌లను గెలిచి, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటారు. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియానే ఎదురైంది. రహీమ్ చేసిన మార్పు ఇప్పటికీ శిక్షణ తరగతుల్లో చెప్పుకోదగ్గది: తలకు కుట్లు పడి ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించారు. గాలిలో వచ్చే బంతులకు కొరియా డిఫెన్సు కంగారుపడుతుందని ఆయన లెక్క. జ్వరం నుంచి కోలుకున్న తంగరాజ్‌ను గోల్‌పోస్టులో నిలబెట్టారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి గోల్ కొట్టగా 2-1తో భారత్ గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత భారత్‌కు స్వర్ణం రాలేదు.

రహీమ్ 1963 జూన్ 11న మరణించారు. 2024లో వచ్చిన హిందీ చిత్రం ‘మైదాన్’ ఆయన జీవితం మీద తీసినదే.

రహీమ్ తర్వాత: కలకత్తా బాట

ఆయన పోయాక హైదరాబాద్ ఆట ఒక్కసారిగా కూలిపోలేదు. 1965-66లో సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ గెలిచింది. అయితే ఆ జట్టులో ఆడే వయసు కుర్రాళ్ళకు కలకత్తా క్లబ్బుల నుంచి పిలుపులు మొదలయ్యాయి. పోలీసు జీతం కన్నా అక్కడ ఎక్కువ డబ్బు, ఎక్కువ పేరు. 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఇద్దరూ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. ఆటగాడు వెళ్ళిన దారిలోనే కోచ్ కూడా వెళ్ళాడు. ఆట నేర్పే అనుభవం ఉన్నవారు ఊళ్ళో మిగలకపోవడమే హైదరాబాద్ ఫుట్‌బాల్ క్షీణతకు పెద్ద కారణం. మైదానాల మీద భవనాలు లేవడం, సంఘాల్లో వర్గ తగాదాలు, క్రికెట్ గాలి దానికి తోడయ్యాయి.

సయ్యద్ నయీముద్దీన్ (జ. 1944)

ఆటగాడి నుంచి కోచ్‌గా మారే ప్రయాణానికి హైదరాబాద్ ఇచ్చిన నిండైన ఉదాహరణ నయీముద్దీన్. సిటీ పోలీస్ నుంచి కలకత్తా వెళ్ళి అక్కడి మూడు పెద్ద క్లబ్బులు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్‌లకు ఆడారు. డిఫెండర్. బంతిని ముందే పసిగట్టి అడ్డుకోవడం, కఠినమైన దేహదారుఢ్యం ఆయన బలాలు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టు కెప్టెన్. కాంస్య పతక పోరులో భారత్ జపాన్‌ను 1-0తో ఓడించింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ గెలిచిన చివరి పతకం అదే. ఆ ఏడాదే ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

కోచ్‌గా ఆయన పేరు క్రమశిక్షణతో ముడిపడి ఉంది. సాధనకు ఆలస్యమైతే, తిండి విషయంలో నిర్లక్ష్యం చేస్తే ఎంత పెద్ద స్టార్ అయినా ఊరుకునేవారు కారు. ఈ తీరు కొందరు ఆటగాళ్ళకు మింగుడుపడలేదు, క్లబ్బు పెద్దలతోనూ గొడవలు తెచ్చింది. ఫలితాలు మాత్రం ఆయన పక్షాన ఉన్నాయి. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ మూడూ గెలిచింది. ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ద్రోణాచార్య అవార్డు ఫుట్‌బాల్ శిక్షకుడికి దక్కిన తొలి ద్రోణాచార్య. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా ద్రోణాచార్య రెండూ అందుకున్న ఫుట్‌బాల్ వ్యక్తి ఆయనే.

భారత జట్టుకు నయీముద్దీన్ 1997-98లో ఒకసారి, 2005-06లో మరోసారి కోచ్‌గా ఉన్నారు. 1997లో కాఠ్మాండూలో జరిగిన దక్షిణాసియా పోటీల ఫైనల్లో భారత్ మాల్దీవులను 5-1తో, 2005లో కరాచీ ఫైనల్లో బంగ్లాదేశ్‌ను 2-0తో ఓడించింది. రెండో విడత సాఫీగా ముగియలేదు. 2006 ఫిబ్రవరిలో ఆసియా కప్ క్వాలిఫయింగ్‌లో జపాన్ చేతిలో 0-6తో, తర్వాత సొంతగడ్డ మీద యెమెన్ చేతిలో 0-3తో ఓడాక ఆయన స్థానంలో ఇంగ్లండుకు చెందిన బాబ్ హౌటన్‌ను తెచ్చారు. దక్షిణాసియాలో గెలిపించిన పద్ధతి ఆసియా పెద్ద జట్ల ముందు చాలలేదన్నది న్యాయమైన అంచనాయే. నయీముద్దీన్ ఆ తర్వాత బంగ్లాదేశ్ జాతీయ జట్టుకు కోచ్ అయ్యారు. ఢాకాలోని బ్రదర్స్ యూనియన్ క్లబ్బుతోనూ ఆయనకు అనుబంధం ఉంది.

మహమ్మద్ హబీబ్ (1949-2023), వేల్స్‌తో ఒక పోలిక

1949 జూలై 17న హైదరాబాద్‌లో పుట్టిన హబీబ్‌ను కలకత్తా అభిమానులు ‘బడే మియా’ అని పిలిచేవారు. తమ్ముడు అక్బర్ కూడా పేరున్న ఆటగాడే. 1969 సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాల్ తరఫున సర్వీసెస్ మీద హబీబ్ ఒక్కరే ఐదు గోల్స్ కొట్టారు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకున్నప్పుడు ఆ రెండు గోల్స్‌లో ఒకటి ఆయనది. 1980లో అర్జున అవార్డు అందుకున్నారు.

ఇక్కడ ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. అప్పటి ఆటగాళ్ళు దాదాపు అందరూ క్లబ్బుతోపాటు ఏదో ఒక ఉద్యోగం చూసుకునేవారు. హబీబ్ మాత్రం వచ్చిన ఉద్యోగాలను వద్దని, ఆటనే జీవనాధారం చేసుకున్నారు. అందుకే ఆయన్ను భారత ఫుట్‌బాల్‌లో తొలి నిజమైన వృత్తి ఆటగాడని చరిత్రకారులు అంటారు.

పోలికకు, ఆటగాడి నుంచి కోచ్ అయిన మరొకరిని చూద్దాం: అదే 1949లో, మార్చి 22న, వేల్స్‌లోని కార్డిఫ్‌లో జాన్ తోషాక్ పుట్టారు. ఆయన పదహారేళ్ళకే కార్డిఫ్ సిటీకి ఆడారు. 1970లో లివర్‌పూల్ చేరి, ఆ క్లబ్బుతో లీగ్ టైటిళ్ళు, యూఎఫా కప్పులు గెలిచారు. 1978 మార్చిలో, ఇంకా ముప్ఫై నిండకుండానే, స్వాన్సీ సిటీకి ఆడుతూనే మేనేజరు అయ్యారు. నాలుగో డివిజన్‌లో ఉన్న ఆ జట్టు 1981కల్లా మొదటి డివిజన్‌కు ఎక్కింది. తర్వాత స్పెయిన్‌లో రియల్ సొసైడాడ్‌కు 1987 కింగ్స్ కప్, రియల్ మాడ్రిడ్‌కు 1989-90 లీగ్ టైటిల్ తెచ్చారు. 2004 నుంచి 2010 వరకు వేల్స్ జాతీయ జట్టును నడిపారు.

హబీబ్ ప్రయాణం వేరు. ఆట మానాక 1987లో జంషెడ్‌పూర్‌లో మొదలైన టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు నేర్పారు, తర్వాత హల్దియా అకాడమీలోనూ పనిచేశారు. అంటే ఆయన పని పెద్ద జట్లను గెలిపించడం కాదు, పదిహేను పదహారేళ్ళ కుర్రాళ్ళకు పునాది వేయడం. ప్రతిభలో ఇద్దరి మధ్య తేడా ఎంతన్నది ఇక్కడ ప్రశ్న కాదు. తోషాక్‌కు అడుగడుగునా ఒక లీగ్ ఉంది. కింది డివిజన్ నుంచి పై డివిజన్‌కు మెట్లు ఉన్నాయి, ఆడుతూనే కోచింగ్ నేర్చుకునే ఉద్యోగం ఉంది. మన దేశంలో జాతీయ లీగ్ మొదలైందే 1996లో. వేల్స్ జనాభా సుమారు 31 లక్షలు. 2011 లెక్కల ప్రకారం, హైదరాబాద్ నుంచి వస్తే కృష్ణకు ఈవల ఉన్న ఇప్పటి పల్నాడు జిల్లా పరిధిలో ఉన్నవారు 20 లక్షల పైచిలుకు. జనాభా ఒక్కటే లెక్క అయితే రెండు చోట్లా ఫుట్‌బాల్‌కు ఇంత తేడా ఉండకూడదు.

హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మరణించారు.

షబ్బీర్ అలీ, ఇతరులు

షబ్బీర్ అలీ (జ. 1956) 1974లో బ్యాంకాక్‌లో ఆసియా యువ జట్ల పోటీని ఇరాన్‌తో కలిసి సంయుక్తంగా గెలిచిన భారత జట్టుకు కెప్టెన్. సీనియర్ జట్టుకూ సారథ్యం వహించారు. టాటా స్పోర్ట్స్ క్లబ్, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్‌లకు ఆడారు. కోచ్‌గా ఆయన గొప్ప విజయం 1998-99 నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌ను గోవాకు చెందిన సాల్గావ్‌కర్ జట్టుతో గెలవడం. 2011లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు.

రహీమ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ (1939-2021) 1960 రోమ్ ఒలింపిక్స్ బృంద సభ్యుడు, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్, అంతర్జాతీయ రిఫరీ, కోచ్. నాలుగు పాత్రల్లోనూ ఒకే ఆటను అంటిపెట్టుకున్న అరుదైన వ్యక్తి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పి.కె. బెనర్జీకి సహాయ కోచ్. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు పొందారు. పీటర్ తంగరాజ్ (1935-2008) ఆట చాలించాక బొకారోలో శిక్షణ బాధ్యతల్లో గడిపారు. కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకూ కెప్టెన్‌గా ఉన్న విక్టర్ అమల్‌రాజ్ తర్వాతి కాలంలో హైదరాబాద్‌లో పిల్లలకు ఆట నేర్పుతూ వచ్చారు.

అర్హతలు, పని తీరు

రహీమ్ కాలంలో కోచ్‌కు కాగితాలు అడిగినవారు లేరు. 1961లో పటియాలా మోతీబాగ్ రాజభవనంలో జాతీయ క్రీడా సంస్థ మొదలయ్యాక, అక్కడి డిప్లొమా ప్రభుత్వ కోచ్ ఉద్యోగానికి గుర్తింపు పత్రమైంది. ఇంగ్లండుకు చెందిన మాజీ గోల్‌కీపర్ హ్యారీ రైట్ అక్కడ నేర్పారు. 1964 ఆసియా కప్పులో రన్నరప్‌గా నిలిచిన భారత జట్టు కోచ్ ఆయనే.

ఇప్పుడు ఆసియా సమాఖ్య లైసెన్సులదే రాజ్యం. అఖిల భారత సమాఖ్య ఇచ్చే డి లైసెన్సుతో మొదలుపెట్టి సి, బి, ఎ, చివరికి ప్రో లైసెన్సు దాకా ఎక్కాలి. ప్రతి మెట్టులోనూ తరగతులు, మైదాన పరీక్ష, మధ్యలో కొంతకాలం ఏదో ఒక జట్టుకు పనిచేసి చూపడం ఉంటాయి. పై స్థాయి లీగ్ జట్టుకు ప్రధాన కోచ్ కావాలంటే ప్రో లైసెన్సో, దానికి సమానమైన అర్హతో కావాలి. మాజీ ఆటగాడికి మైదాన అనుభవం కలిసివస్తుంది కానీ, వయసు మీద పడ్డాక సెలవు పెట్టి, ఫీజు కట్టి ఈ మెట్లన్నీ ఎక్కడం తేలిక కాదు. ఉద్యోగంలో ఉండి ఆడిన తరంవారు చాలామంది జిల్లా స్థాయి దగ్గరే ఆగిపోవడానికి ఇదొక కారణం.

కోచ్ పని మ్యాచ్ రోజున అరుపులతో ముగిసేది కాదు. సీజన్‌కు ముందు దేహదారుఢ్యం పెంచడం, వారానికి సరిపడా సాధన పట్టిక వేయడం, ప్రత్యర్థి ఆట గమనించి జట్టు అమరిక నిర్ణయించడం, గాయపడినవారి స్థానంలో ఎవరిని దించాలో ముందే ఆలోచించుకోవడం, ఆటగాడి ఇంటి గొడవలు కూడా వినడం, అన్నీ ఇందులోనివే.

కృష్ణకు ఈవల: పల్నాడు, కోస్తా

1956 నవంబర్ 1 వరకు మాచర్లకు ఎదురుగా కృష్ణ దాటితే హైదరాబాద్ రాష్ట్రమే. ఈవల గుంటూరు జిల్లా మొదట మద్రాసు, తర్వాత ఆంధ్ర రాష్ట్రంలో ఉండేది. నిజాం నగరంలో పెరిగిన ఫుట్‌బాల్ నది దాటి నరసరావుపేట, గురజాల బడుల దాకా రాలేదు. ఈ ప్రాంతపు బడి గ్రౌండుల్లో వాలీబాల్, కబడ్డీ, ఖోఖో నిలదొక్కుకున్నాయి. రాష్ట్రం ఒకటైనా ఫుట్‌బాల్ బలగం రాజధానిలోనే ఉండిపోయింది.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఇక్కడి కుర్రాడు ఆట నేర్పే వృత్తిలోకి రావాలంటే దగ్గర దారి వ్యాయామ విద్య. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య కళాశాల ఉంది. బి.పి.ఎడ్. చేసి బడిలో పీఈటీగా చేరడం చాలామంది ఎంచుకునే దారి. రహీమ్ మొదలుపెట్టింది కూడా ఇలాంటి ఉద్యోగంతోనే. పీఈటీకి ఫుట్‌బాల్ లైసెన్సు తోడైతే జిల్లా, రాష్ట్ర స్థాయి జట్లకు శిక్షణ ఇచ్చే అవకాశం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఫుట్‌బాల్‌కు పల్లెల నుంచి పిల్లలను తెస్తున్న చోటు అనంతపురం. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపే క్రీడాగ్రామంలో ఫుట్‌బాల్ అకాడమీ ఉంది.

బ్యాడ్మింటన్‌తో పోల్చినప్పుడు

ఆటగాడు కోచ్‌గా మారి సొంత ఊళ్ళోనే నిలిచిన తెలుగు ఉదాహరణ ఫుట్‌బాల్‌లో రహీమ్ తర్వాత అరుదు, బ్యాడ్మింటన్‌లో దొరుకుతుంది. 2001 ఆల్ ఇంగ్లండ్ విజేత పుల్లెల గోపీచంద్ 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచారు, 2009లో ద్రోణాచార్య అందుకున్నారు. ఆయన శిష్యులు సైనా నెహ్వాల్ 2012లో, పి.వి. సింధు 2016లో ఒలింపిక్ పతకాలు గెలిచారు (చూ. బ్యాడ్మింటన్). ఇద్దరితో ఆడే ఆటకు ఒక అకాడమీ, ఒక పట్టుదల గల కోచ్ చాలు. పదకొండుమందితో ఆడే ఆటకు అకాడమీతోపాటు వారం వారం ఆడే లీగ్, దాన్ని నడిపే క్లబ్బులు కావాలి. నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ బయటి ఊళ్ళకు వెళ్ళింది సొంత ఊరంటే ఇష్టం లేక కాదు, ఇక్కడ అవి లేక.

ప్రస్తుత స్థితి

2003లో హైదరాబాద్ ఆఫ్రో ఆసియా క్రీడలకు వేదికైంది. పురుషుల ఫుట్‌బాల్ ఫైనల్లో భారత్ ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1తో ఓడింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ, స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ శిక్షణలో 2022 మార్చి 20న ఫతోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రహీమ్ నగరపు జట్టు గెలిచింది, కోచ్ మాత్రం పరదేశి. మార్కెజ్ 2024లో భారత జట్టుకు కోచ్ అయ్యారు, గచ్చిబౌలి మైదానంలో జరిగిన ఇంటర్‌కాంటినెంటల్ కప్‌తోనే ఆ బాధ్యత మొదలుపెట్టారు. ఏడాది తిరగ్గానే దాన్ని వదులుకున్నారు.

ఐ-లీగ్‌లో నగరానికి చెందిన మరో జట్టు శ్రీనిధి డెక్కన్ 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానంలో నిలిచింది. ఆ జట్టుకూ ఆ సీజన్లలో కోచ్ పోర్చుగల్‌కు చెందిన కార్లోస్ వాజ్ పింటో. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థిక ఇబ్బందుల్లో పడి చేతులు మారింది, 2025లో ఢిల్లీకి తరలిపోయి కొత్త పేరు పెట్టుకుంది.